రైఫిల్‌కు ఏ బోరు? చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ సరిహద్దు తెలుగువాళ్లకు

“అన్నా, ఒక్కటే రైఫిల్ తీస్కుంటే చేను కాపలాకు, టార్గెట్‌కు రెండింటికీ పనికొస్తది గదా? ఏ బోరు తీస్కోమంటవ్?” రాజురాలోనైనా, సిరొంచలోనైనా, కిన్వట్‌లోనైనా లైసెన్సు మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఇదే. జవాబు మొదట్లోనే చెప్పేస్తాను: ఆ రెండు పనులకూ సరిపోయే ఒకే బోరు (గొట్టం లోపలి వెడల్పు, దానికి తగ్గ తూటా) లేదు. దగ్గరదగ్గరగా సరిపోయేది ఏదైనా ఉన్నా దానికి లైసెన్సు దొరకదు, లైసెన్సు దొరికినా తూటాలు దొరకవు.

అమెరికా వాళ్ల వీడియోలు చూసి చాలామంది పనిని చివరి నుంచి మొదలుపెడతారు. ఏ జంతువు, ఎంత దూరం, ఎంత శక్తి అని లెక్కలు వేసి, ఒక క్యాలిబర్ పేరు మనసులో పెట్టుకొని, అప్పుడు కలెక్టర్ కచేరీ మెట్లు ఎక్కుతారు. వాళ్లకు అది నడుస్తుంది, ఊళ్లో దుకాణానికి వెళ్తే కావలసిన తూటా దొరుకుతుంది కాబట్టి. మన దగ్గర వరస వేరు. ముందు కారణం, తర్వాత చట్టం, తర్వాత తూటా దొరికే చోటు, ఆ తర్వాత మీరు కాల్చే నేల. ఇవి తేలాక చూసుకుంటే మిగిలే బోర్లు ఒక చేతి వేళ్లకు మించవు. ఆ వరసలోనే వెళ్దాం.

1. తుపాకి ఎందుకో తేల్చుకోండి

దరఖాస్తులో “వేట కోసం” అని రాయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి మన దేశంలో సరదా వేటకు తలుపు పూర్తిగా మూసేశాయి. తాతగారు అడవిపందిని కొట్టిన కథలు ఇంట్లో చెప్పుకోవచ్చు, కచేరీలో కాదు.

మిగిలింది పంట కాపాడుకోవడం. పత్తి, సోయా, కంది చేలల్లో అడవిపంది, మనుబోతు (మరాఠీ వాళ్ల రోహి) చేసే నష్టం ఈ తాలూకాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయినా లైసెన్సు తుపాకి చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. అదే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అనుమతితో చంపినా ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది, కూర వండుకోవడానికి కాదు. ఈ మాట చెబితే సగం మంది ఉత్సాహం అక్కడే చల్లారుతుంది. అదీ మంచిదే.

అంటే మీ దగ్గర రెండు వేర్వేరు కాగితాలు ఉండాలి. తుపాకి ఉంచుకోవడానికి ఆయుధాల లైసెన్సు ఒకటి, ఆ జంతువు మీద దాన్ని వాడడానికి అటవీ శాఖ ఉత్తర్వు ఇంకొకటి. ఒకటి ఉందని రెండోదాన్ని మరిచిపోయినవాళ్లే కేసుల్లో ఇరుక్కుంటారు.

ఇక టార్గెట్ షూటింగ్. ఇది పూర్తిగా చట్టం లోపలి దారి, రైఫిల్ మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు పట్టుకోవలసిన దారి. కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కంచు పతకం తెచ్చింది .22 బోరుతోనే. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు కొట్టింది ఎయిర్ రైఫిల్‌తో. పెద్ద బోరు ఉంటేనే పెద్ద షూటర్ అనుకునేవాళ్లు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

2. చట్టం మీ తరఫున ఇప్పటికే ఎంచిన బోర్లు చూడండి

1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఒకసారి చదవండి. ఏ తుపాకికి లైసెన్సు సులువో అక్కడే ఉంది. ఆత్మరక్షణకో క్రీడకో అయితే గొట్టం కనీసం 20 అంగుళాలున్న, లోపల నున్నగా ఉండే తుపాకి. అంటే మనం 12 బోరు అని పిలుచుకునే సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్. నిజంగా పంట కాపలాకే అయితే మందు దట్టించి కాల్చే భర్మార్. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడు టార్గెట్ సాధన చేయడానికైతే .22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్. వీటికి మిగతా నిబంధనలు కుదిరితే లైసెన్సు ఇవ్వాలనే చట్టం మాట. వీటిని దాటి .315 గానీ, థర్టీ ఆట్ సిక్స్ (.30-06 అని రాసే పెద్ద రైఫిల్ బోరు) గానీ అడిగితే “తగిన కారణం” ఉందని అధికారికి నమ్మకం కలిగించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

కాబట్టి చేను కోసం అడిగేవాళ్లకు నా సలహా: మొదటి తుపాకిగా రైఫిల్ అడగకండి. టార్గెట్ కోసం అడిగేవాళ్లకు: .22 తప్ప మొదటి దరఖాస్తులో ఇంకేదీ రాయకండి. గడ్చిరోలి వైపు పోలీసు రిపోర్టు ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలిసిందే. కారణానికీ బోరుకూ పొంతన కుదరకపోతే దస్త్రం అక్కడే ఆగిపోతుంది.

నిషేధిత బోరు సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. .303, 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాను చాంబర్‌లో (గొట్టం మొదట్లో తూటా కూర్చునే గదిలో) పెట్టుకొని కాల్చగలిగే రైఫిళ్లు సామాన్య లైసెన్సు కిందికి రావు. పిస్తోళ్లలో సైనిక 9 మిల్లీమీటర్లు కూడా అంతే. నియమం చూసేది గుండు (తూటాలోంచి బయటికి పోయే ముక్క) లావును కాదు, చాంబర్‌ను. ఉదాహరణకు థర్టీ ఆట్ సిక్స్ గుండు, 7.62×51 సైనిక గుండు లావులో ఒకటే. గుండు వెనక మందు నింపే తూటా డొప్ప పొడవే తేడా: మొదటిదానికి 63 మిల్లీమీటర్లు, రెండోదానికి 51. మొదటిది నిషేధం కాని బోరుగా మన ప్రభుత్వ కర్మాగారంలోనే తయారైంది. రెండోదాని జంట అయిన .308 విన్‌చెస్టర్‌ను వీడియోల్లో చూసి మనసు పారేసుకోకండి.

.315 పుట్టుక కూడా ఇలాంటిదే. బ్రిటిష్ వాళ్లు సైనిక తూటాలు జనం చేతిలో పడకూడదని .303ను కట్టడి చేస్తే, ఆస్ట్రియా పాత సైనిక తూటా 8×50 మన్లిషర్ ఇక్కడ .315 పేరుతో స్థిరపడింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దానికి బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ తరహా బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) బిగించి అమ్మింది. మన పల్లెల్లో పాత లైసెన్సుదారు ఇంట్లో రైఫిల్ ఉందంటే చాలావరకు అదే.

3. బోరు మీద అంకెలు చదవడం నేర్చుకోండి

.22 అంటే అంగుళంలో వందకు 22 వంతులు, దాదాపు 5.6 మిల్లీమీటర్లు. .177 అంటే 4.5 మిల్లీమీటర్లు. .315 అంటే 8 మిల్లీమీటర్లు. థర్టీ ఆట్ సిక్స్‌లో ముప్పై బోరు, సున్నా ఆరు అది అమెరికా సైన్యంలోకి వచ్చిన 1906. 6.5 క్రీడ్‌మూర్ లాంటి పేర్లలో మొదటి అంకె మిల్లీమీటర్లు, వెనకది ఊరి పేరో కంపెనీ పేరో. 12 బోరు లెక్క వేరే: ఒక పౌను సీసంతో ఆ గొట్టంలో పట్టే గుండ్రటి గుండ్లు పన్నెండు చేయగలం, కాబట్టి అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఇది తెలియక 16 బోరు 12 కన్నా పెద్దదని వాదించేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు.

గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. 15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము. .22 గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. .315 గుండు 244 గ్రెయిన్లు, 15.8 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు ఉండే శక్తి జౌళ్లలో (శక్తిని కొలిచే జూల్ లెక్కలో) చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పది మీటర్ల పోటీ ఎయిర్ రైఫిల్‌కు పది జౌళ్ల లోపు, మామూలు .22కు 140 దగ్గర, థర్టీ ఆట్ సిక్స్‌కు 3,800 దగ్గర. ఎయిర్ రైఫిల్ విషయంలో ఒక్క మాట: 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 20 జౌళ్లు దాటినా, గొట్టం .177 మించినా దానికీ లైసెన్సు కావాలి. సంతలో “ఏమీ అక్కర్లేదు” అని అమ్మే .22 ఎయిర్ గన్ను కొని ఇంటికి తెచ్చుకోకండి.

4. తూటా ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాకే పేరు ఖాయం చేయండి

దుకాణంలో గోడకు వేలాడే రైఫిల్ చూడకముందే “దీనికి తూటాలు ఇప్పుడు ఉన్నాయా, పోయిన ఏడు ఎన్నిసార్లు వచ్చాయి?” అని అడగండి. మీ లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని, ఒకేసారి ఎన్ని అని రాసి ఉంటుంది. అన్నీ తెచ్చుకోగలిగే బోరే మీ బోరు.

12 బోరుకు దారి సులువు. ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీ శక్తిమాన్ కార్తూసులు పుణె నుంచే వస్తాయి. .22, .315 కూడా ప్రభుత్వ కర్మాగారాలవి దొరుకుతాయి, అయితే .315 సరుకు కొన్నిసార్లు నెలల తరబడి కనపడదు. థర్టీ ఆట్ సిక్స్ ఇంకా అరుదు. పాత సంస్థానాల కాలం నాటి .275, .375 రైఫిళ్లు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. 1980ల నుంచి సామాన్యుడికి విదేశీ తుపాకి దిగుమతి లేదు కాబట్టి వాటి ధర చుక్కల్లో, తూటా దాని పైన. ఇంటి గోడకు అలంకారంగా కావాలంటే మీ ఇష్టం.

5. టార్గెట్ దారి: చిన్న బోరు నుంచి పైకి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. దూరం కొట్టాలన్న కోరిక ఉన్నవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

మొదటి ఏడాది .177 ఎయిర్ రైఫిల్‌తో పది మీటర్లు. మధ్య చుక్క అర మిల్లీమీటరు, పెన్సిల్ మొనతో పెట్టినంత. దాని మీద ఊపిరి, ట్రిగ్గర్, భుజం అదుపులోకి వస్తే మిగతాదంతా తేలిక. నాందేడ్, చంద్రపూర్ లాంటి జిల్లా కేంద్రాల్లో క్లబ్ వెతుక్కోండి, మహారాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ గుర్తింపు ఉందో లేదో అడగండి. పుణె బాలేవాడీలోనూ, హైదరాబాద్ గచ్చిబౌలిలోనూ పెద్ద రేంజిలు ఉన్నాయి. సరిహద్దు వాళ్లకు ఏది దగ్గరైతే అది.

తర్వాత .22తో 50 మీటర్లు. పది మార్కులిచ్చే మధ్య వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. ఇక్కడ గాలి అనే గురువు దొరుకుతాడు. పక్క నుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తే మామూలు వేగం .22 గుండు 50 మీటర్ల దగ్గర దాదాపు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. పదికి పెట్టిన గురి ఎనిమిదిలో పడుతుంది. 50 మీటర్లకు గురి సరిచేసిన అదే రైఫిల్‌తో 100 మీటర్లకు కాలిస్తే గుండు దాదాపు 20 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, అదే గాలికి 9 సెంటీమీటర్ల వరకు పక్కకు పోతుంది. కోణంలో చూస్తే ఇది పెద్ద రైఫిల్ దాదాపు 400 మీటర్ల దగ్గర ఎదుర్కొనే గాలితో సమానం. అంటే 100 మీటర్ల మైదానంలో చవకైన .22తోనే దూరపు కాల్పు మొత్తం నేర్చుకోవచ్చు. నాలుగు వందల మీటర్ల రేంజి ఎక్కడా దొరకని మన ప్రాంతంలో ఇంతకన్నా మంచి వరం లేదు.

.22 తూటా కొనేటప్పుడు పెట్టె మీద “హై వెలాసిటీ” అని ఉంటే పక్కన పెట్టండి. శబ్ద వేగాన్ని, అంటే సెకనుకు 340 మీటర్లను, దాటి బయల్దేరిన గుండు దారిలో ఆ వేగం కిందికి జారేటప్పుడు గాలి ఎక్కువగా పట్టుకుంటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, వేగంగా పోయేదే గాలికి ఎక్కువ పక్కకు తప్పుతుంది. సెకనుకు 320, 330 మీటర్ల స్టాండర్డ్ తూటాయే టార్గెట్‌కు సరైనది. ఎలీ, ఎస్‌కే, లపువా లాంటి దిగుమతి పేర్లు క్లబ్ ద్వారా దొరికితే తలా కొన్ని తీసుకొని, స్టాండు మీద రైఫిల్ ఆనించి, ఒక్కొక్క రకం పదేసి కాల్చి గ్రూపులు (చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో) కొలవండి. ఒక బ్యారెల్‌కు నచ్చిన తూటా పక్క బ్యారెల్‌కు నచ్చదు. నచ్చింది తేలాక అదే పెట్టె నంబరు, అదే లాటు, దొరికినన్ని.

ఆ పైన 300 మీటర్లు. అంతర్జాతీయ పోటీల్లో 8 మిల్లీమీటర్లు దాటని పెద్ద బోర్లకు అది మైదానం, పది వలయం 10 సెంటీమీటర్లు. ఒలింపిక్స్‌లో దీన్ని చివరిసారి ఆడింది 1972లో. మన దగ్గర ఈ రేంజిలు ఎక్కువగా సైన్యం, పోలీసుల చేతిలో ఉన్నాయి. మామూలు రైతు కుటుంబం నుంచి వచ్చిన షూటర్ అక్కడికి చేరేది పోటీల్లో మార్కులు తెచ్చుకొని, అసోసియేషన్ సిఫారసుతో. అప్పుడు మీకు బోరు సలహా ఇవ్వడానికి నాకన్నా మంచి కోచ్ పక్కనే ఉంటాడు.

అయినా తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటుంది కదా, దూరపు బోర్ల గుట్టు ఇది. గుండు లావుగా, మొద్దుగా ఉంటే గాలి దాన్ని ఆపుతుంది. సన్నగా, పొడవుగా, అదే బరువుతో ఉంటే గాలిని చీల్చుకొని పోతుంది. ఈ గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషియెంట్ అనే అంకెతో కొలుస్తారు. 2007లో హోర్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌కు అంత పేరు రావడానికి శక్తి కారణం కాదు, థర్టీ ఆట్ సిక్స్ శక్తిలో దానికన్నా ఎక్కువే. సన్నని పొడవాటి గుండు, కాల్చినప్పుడు భుజానికి తక్కువ ఎదురుదెబ్బ, ఆ పొడవు గుండును నిలబెట్టేంత బిగువైన మెలిక లోపలి గాడుల్లో ఉన్న బ్యారెల్, ఈ మూడూ కలిసి వచ్చాయి. ఇదే లెక్కలో మన .315ను పెడితే దాని మొద్దు ముక్కు, నిదానపు వేగం దూరానికి ఎందుకు పనికిరావో వెంటనే అర్థమవుతుంది. .315తో 300 మీటర్ల టార్గెట్ అని పందెం కాసేవాళ్లను వారించే పని పెట్టుకోకండి, ఒకసారి కాల్చి చూసుకోనివ్వండి.

200 మీటర్లకు సరిచేసిన థర్టీ ఆట్ సిక్స్ 150 గ్రెయిన్ల గుండు కూడా 300 దగ్గర 20 నుంచి 25 సెంటీమీటర్లు, 400 దగ్గర 60 సెంటీమీటర్ల పైనే దిగుతుంది. ఏ బోరైనా నేల మీదికి వంగాల్సిందే. వంపు ఎంతో ముందే తెలిసినవాడే గురి తప్పడు.

6. చేను కాపలా: శక్తి కాదు, వెనక ఏముందో చూడాలి

అటవీ శాఖ అనుమతి ఉత్తర్వు చేతికి వచ్చింది అనుకుందాం. అందులో ఎవరు కాల్చాలో, ఎక్కడ, ఎప్పటిదాకా అన్నది రాసి ఉంటుంది. దాన్ని దాటకుండా ఏ తుపాకి?

.22 వద్దు. 140 జౌళ్లతో పంది చావదు, గాయపడి పత్తి చేలోకి దూరుతుంది. మర్నాడు పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్ల మీద పడుతుంది. ఇది జంతువుకూ అన్యాయం, మనుషులకూ ప్రమాదం.

పెద్ద రైఫిల్? ఇక్కడే మన నేల అడ్డం వస్తుంది. నాందేడ్, చంద్రపూర్ నల్లరేగడి చేలు బల్లపరుపు. .22 గుండే ఎక్కువలో ఎక్కువ కిలోమీటరున్నర పోగలదు. థర్టీ ఆట్ సిక్స్ అయితే ఐదు కిలోమీటర్ల దాకా. గురి తప్పిన గుండు, లేదా పంది ఒంటిని చీల్చుకొని అవతలికి పోయిన గుండు, పక్క ఊళ్లో ఎవరి వాకిట పడుతుందో మీకు తెలియదు. వెనక మట్టి గట్టో, వాగు దరో ఉంటే తప్ప రైఫిల్ పైకి ఎత్తకండి.

ఒక్క ఏర్పాటు రైఫిల్‌కు న్యాయం చేస్తుంది: మంచె. ఎత్తున కూర్చొని దగ్గరికి వచ్చిన జంతువు మీద కిందికి కాలిస్తే, గుండు పంది దాటినా పంది కింది నేలలోనే దిగుతుంది. అప్పుడు 40, 50 మీటర్లలో .315 లాంటి బరువైన నిదానపు గుండే మంచిది. దూరానికి పనికిరాని గుణమే ఇక్కడ పనికొస్తుంది. ముక్కు మెత్తగా ఉన్న సాఫ్ట్ నోస్ గుండే వాడాలి, అది లోపల విచ్చుకొని ఆగుతుంది. పూర్తిగా రాగి తొడుగున్నది దూసుకొని పోతుంది. గురి ముందరి భుజం వెనక, తల మీద కాదు.

మిగతా అందరికీ 12 బోరే. ఎల్‌జీ కార్తూసుతో (లావు రవ్వలు నింపిన తూటాతో) 30 మీటర్ల లోపు, అంతకన్నా దూరమైతే వదిలేయండి. రవ్వలు చెదిరి గాయపరచడమే అవుతుంది. కానీ దాని దూరం తక్కువ కావడమే పల్లెలో దాని గొప్ప, పక్క చేను వాళ్లు బతికిపోతారు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. చాలా మంది రైతులకు తుపాకి అసలు పరిష్కారమే కాదు. పంట పోయిన మర్నాడే సాత్‌బారా ఉతారా (భూమి పత్రం) పట్టుకొని అటవీ శాఖకు దరఖాస్తు, తలాఠీతో (గ్రామ రెవెన్యూ ఉద్యోగితో) పంచనామా చేయిస్తే ఎంతోకొంత నష్టపరిహారం వస్తుంది. అది వదిలేసి చేను చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఆ తీగకు పందికన్నా ముందు తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన పాలేరు తగులుకుంటాడు. తాడోబా చుట్టుపక్కలైతే పులి తగులుకుంటుంది. నాటు బాంబు ఉండలు కూడా అంతే. ఇలాంటి పనులకు నేను దారి చెప్పను.

7. ఒంటికి, వాతావరణానికి సరిపోతుందా

పెద్ద రైఫిల్ ఎదురుదెబ్బ భుజాన్ని కాదు, ట్రిగ్గర్ వేలిని పాడుచేస్తుంది. మోత, కుదుపు వస్తాయని శరీరం ముందే బిగుసుకుంటుంది, గురి జరుగుతుంది. కొనేముందు ఎవరి రైఫిల్‌తోనైనా రేంజిలో నాలుగు తూటాలు కాల్చి చూడండి. కళ్లు మూసుకుంటుంటే ఆ బోరు మీది కాదు.

చంద్రపూర్ ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. వేడికి మందు వేగంగా మండి గుండు కాస్త పైన తగులుతుంది, టార్గెట్ ముందు గాలి కరిగిన నీళ్లలా ఆడుతుంది. మేలో సరిచేసిన దుర్బీను ఆగస్టులో మళ్లీ సరిచేయాల్సిందే. వానాకాలంలో బ్యారెల్‌ను పట్టి ఉంచే చెక్క కట్ట తేమకు ఉబ్బి బ్యారెల్‌ను ఒత్తితే గురి తప్పుతుంది. .315 పాత రైఫిళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. తూటాలు గోనెసంచిలో కాకుండా మూత బిగిసే డబ్బాలో, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. తుపాకి ఒక చోట, తూటా ఇంకో చోట.

8. కాగితాల వరస, సరిహద్దు గొడవ

వయసు 21 నిండాలి. దరఖాస్తు ఏ-1 ఫారం. గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గర తుపాకి భద్రంగా వాడడం నేర్చుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్. టార్గెట్‌కైతే క్లబ్ సభ్యత్వం, పంట కాపలాకైతే సాత్‌బారా, నష్టం పంచనామాలు. 2019 సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. తాత వదిలిపోయిన డబుల్ బ్యారెల్ మీ పేరు మీదికి వస్తే అది ఒకటిగా లెక్క. మిగిలింది ఒక్కటే, కాబట్టి దాన్ని తొందరపడి ఖర్చు చేసుకోకండి.

మన తాలూకాల వాళ్లు మరిచిపోయేది లైసెన్సు చెల్లుబాటు ప్రాంతం. కిన్వట్, రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనివే కాబట్టి మనకు ఆ అవతల పెద్దనాన్న ఇల్లు, ఇవతల మేనమామ ఇల్లు. కాగితానికి ఆ చుట్టరికాలు తెలియవు. లైసెన్సులో మహారాష్ట్ర అని మాత్రమే ఉంటే ఆసిఫాబాద్ వైపు ఒక్క కిలోమీటరు పోయినా మీ తుపాకి లైసెన్సు లేని తుపాకే. గచ్చిబౌలికి పోటీకి వెళ్లేవాళ్లు ప్రాంతాన్ని ముందే విస్తరింపజేసుకోవాలి, క్లబ్ ఉత్తరం, పోటీ పిలుపు సంచిలో ఉండాలి, రైఫిల్ బోల్టు తీసి పెట్టెలో తాళం వేసి పెట్టాలి. అటవీ శాఖ ఉత్తర్వు కూడా అంతే: మహారాష్ట్ర అధికారి ఇచ్చింది తెలంగాణ చేలో చెల్లదు, పంది నది దాటి అవతలికి పోతే అక్కడితో మీ పని అయిపోయింది.

తుపాకి కొన్నాక లైసెన్సులో రాసిన గడువులోపు నంబరు చూపించి పుస్తకంలో ఎక్కించుకోండి. కొన్న ప్రతి తూటా లెక్క, కాల్చిన ప్రతి తూటా లెక్క ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి, పునరుద్ధరణ రోజు అధికారి అడిగేది అదే. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే పోలీసు స్టేషన్ నుంచి కబురు వస్తుంది, తుపాకి అప్పగించమని. అప్పగించండి, రసీదు మాత్రం తీసుకోకుండా గుమ్మం దాటకండి.